మా కాలనీ సీసీ రోడ్డు: 24 శాతం లెస్‌కు దక్కిన పని

నల్లగొండలో మా కాలనీకి కొత్తగా వేసిన సీసీ రోడ్డు గురించి, దాన్ని వేసిన గుత్తేదారు పనితనం గురించి ఈ సమీక్ష. పైకి చూస్తే రోడ్డు బాగానే ఉంది. నీళ్లు నిలవడం లేదు, అంచులు తిన్నగా ఉన్నాయి, పనిని గడువులోనే ముగించారు. అందుకు మార్కులు వేయాల్సిందే.

ఒక ఇంటివారు నల్లా కనెక్షన్ కోసం రోడ్డు కోయించినప్పుడు అసలు సంగతి బయటపడింది. ఇరువైపులా ఇనుప ఛానళ్లు బిగించి పోస్తారు కాబట్టి అంచుల్లో మందం సరిగ్గా ఆరంగుళాలు ఉంది. నడిమధ్యన టేపు పెడితే నాలుగున్నరకు మించలేదు. అడుగున మట్టిని సమంగా చెక్కకుండా మధ్యలో ఎత్తుగా వదిలేసి, దానిమీదే కాంక్రీటు పోశారన్నమాట. సమాచార హక్కు చట్టం కింద తీసుకున్న ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) నకలులో మాత్రం ఈ చివర నుంచి ఆ చివర దాకా మందం 0.15 మీటర్లేనని, అంటే ఆరంగుళాలేనని రాసి ఉంది. ఆ కొలతలు రాసింది ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్), సరిచూడవలసింది డీఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్); ఇద్దరి సంతకాలూ ఉన్నాయి.

ఈ పని అంచనా విలువపై 24 శాతం లెస్‌కు, అంటే అంత తక్కువ ధరకు దక్కింది. ఆరంగుళాల్లో అంగుళంన్నర అంటే నాలుగో వంతు. లెస్ ఎక్కడ పూడిందో వేరే చెప్పనక్కర్లేదు.

అయితే తప్పంతా గుత్తేదారు మీదికే నెట్టడం న్యాయం కాదు. మన టెండర్ నిబంధనలు ఎక్సెస్‌కు, అంటే అంచనాకు మించి అడిగే ధరకు 5 శాతం దగ్గర గీత గీశాయి. లెస్ 25 శాతం దాటితే తేడాకు అదనపు బ్యాంకు గ్యారంటీ అడుగుతాయి. దాంతో పోటీ గట్టిగా ఉన్న పనుల్లో రేట్లు తరచుగా ఆ అంచుదాకా వచ్చి ఆగుతాయి. గతంలో ఎన్ని లక్షల పని చేశారని అడుగుతారే గాని, ఆ రోడ్లు ఇప్పుడెలా ఉన్నాయని అడగరు. బిల్లులు నెలల తరబడి పెండింగులో ఉంటే అప్పుకు వడ్డీ కడుతున్నామని గుత్తేదారులు చెప్పేదీ అబద్ధం కాదు. కాకపోతే ఆ వడ్డీని కాంక్రీటులోంచి రాబట్టుకోవడాన్ని ఎవరూ సమర్థించలేరు.

సమయపాలనకు ఐదుకు నాలుగు, పనితనానికి ఒకటి ఇస్తాను. కొలతలు సరిచూసిన అధికారులకు ఆ ఒక్కటీ ఇవ్వను.

ఇలాంటి రోడ్డు మీ వీధిలోనూ పడి ఉంటే, సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(జె) ప్రకారం పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు, ధ్రువీకరించిన సామగ్రి నమూనాలు తీసుకునే హక్కు పౌరుడికి ఉన్నాయి. కోర్ కటింగ్ (మందం తేల్చేందుకు రోడ్డులోంచి గుండ్రటి ముక్క కోసి తీయడం) చేయించమని అర్జీ పెట్టేదుంటే లోపాల బాధ్యత గడువు, అంటే లోపాలను గుత్తేదారే సరిచేయాల్సిన గడువు తీరకముందే పెట్టాలి, ఎందుకంటే బిల్లుల్లోంచి ఆపుకున్న డిపాజిట్ అప్పటిదాకానే ప్రభుత్వం చేతిలో ఉంటుంది. రోడ్డు ఇంకా పడకపోతే పని సులువు: కాంక్రీటు పోయకముందే ఛానల్ నుంచి ఛానల్‌కు దారం లాగి, మధ్యలో మట్టిదాకా టేపు పెట్టి, ఏఈ ఎదుటే ఫోటో తీసుకోండి.