శనివారం తెరిచి ఉన్న సినగాగ్

కొచ్చి వెళ్లేవాళ్లకు ముందే చెప్పేస్తున్నా. మట్టాంచేరిలోని పరదేశి సినగాగ్‌కు, అంటే యూదుల ప్రార్థనా మందిరానికి, శనివారం వెళ్లకండి. యూదులకు అది విశ్రాంతి దినం, తలుపులు తెరవరు. తెలిసిన సంగతే అయినా శనివారం పొద్దున్నే వెళ్లి తాళం చూసుకుంటూ నిలబడ్డాం. "గుంటూరు నుంచి శబరిలో ఇంతదూరం వచ్చింది తాళం చూడ్డానికా?" అని మా ఆవిడ దెప్పింది.

అప్పటికప్పుడు ట్యాక్సీ మాట్లాడుకుని ఉత్తర పరవూరు బయల్దేరాం. అక్కడి సినగాగ్ ఇప్పుడు మ్యూజియం. కేరళ ప్రభుత్వం ముజిరిస్ అనే పాత రేవు పేరిట పెట్టిన వారసత్వ ప్రాజెక్టు కింద బాగుచేసి తెరిచింది. శనివారమైనా టికెట్ ఇచ్చారు. ప్రార్థనలు ఆగిపోయాయి కాబట్టే మాకు ఆ రోజు టికెట్ దొరికిందన్న మాట లోపలికి నడుస్తుంటే తట్టింది.

కట్టడం మాత్రం చాలా బాగుంది. 1616 నాటిది. వీధి వైపున్న గేటు ఇంటి నుంచి హాలు దాకా స్తంభాల వరసతో పొడవాటి నడవా, పైన ఆడవాళ్లు వెళ్లే దారి, వాళ్లకు వేరే మెట్లు. తెల్ల గోడల మధ్య ఎర్రగా, బంగారు రంగులో మెరుస్తున్న మందసం దగ్గర చాలాసేపు నిలబడ్డాం. యూదుల పవిత్ర గ్రంథం తోరా చుట్టలను పెట్టే చెక్క బీరువా అన్నమాట. ఆకులు, తీగలు ఎంత ముద్దుగా చెక్కారో! తీరా చూస్తే అది నకలు. అసలుది జెరూసలేంలోని ఇజ్రాయెల్ మ్యూజియంలో ఉంది.

అక్కడ మొదలైంది మా వాదన. "ఇక్కడి వస్తువు ఇక్కడే ఉండాలి కదా" అన్నాను. "వాడుకునేవాళ్లు అక్కడికి వెళ్లిపోయాక ఇక్కడ ఎవరి కోసం? మనం అమెరికా వెళ్తే దేవుడి పటాలు వదిలేసి వెళ్తామా?" అంది మా ఆవిడ. జవాబు తోచలేదు. 1948లో ఇజ్రాయెల్ దేశం ఏర్పడిన తర్వాత కొద్ది ఏళ్లలోనే ఇక్కడి యూదుల్లో ఎక్కువమంది ఇజ్రాయెల్ వెళ్లిపోయారు.

చేందమంగళం అక్కడికి దగ్గరే. అదీ సినగాగే, అదీ మ్యూజియమే, కాకపోతే చిన్నది. బయట 1269 నాటి సమాధి రాయి ఒకటుంది, ఇజ్రాయెల్ అనే ఆయన కూతురు సారాది. దాని మీది హీబ్రూ అక్షరాలను వేలితో తడిమాను. ఎండ మండిపోతోంది, మంచినీళ్ల సీసా దగ్గర పెట్టుకుని వెళ్లండి.

బస సంగతి. ఫోర్ట్ కొచ్చిలో ఒక హోమ్‌స్టేలో దిగాం. ఏసీ గది అని డబ్బు తీసుకుని, రాత్రి తొమ్మిదయ్యాకే ఏసీ వేస్తామన్నారు. పుట్టు, కడల కూర మాత్రం వంక పెట్టడానికి లేదు. పరవూరు, చేందమంగళం ప్రధానం అనుకుంటే ఎర్నాకుళం వైపు దిగడమే నయం. ఫోర్ట్ కొచ్చికి హైకోర్టు దగ్గర నుంచి వాటర్ మెట్రో ఉంది, శుభ్రంగా ఉంటుంది, ఆటో బేరాల టెన్షన్ లేదు.

ఆదివారం మళ్లీ పరదేశికి వెళ్లాం. 1568లో కట్టింది. చెప్పులు బయట విడిచి నడిస్తే కాళ్ల కింద చల్లగా నీలి చైనా పలకలు, పైన గాజు షాండ్లియర్లు. పక్కన ఒక గదిలో కొచ్చి యూదుల చరిత్రను బొమ్మలుగా పెట్టారు. రాజులు ఆదరించిన ఘట్టాలే ఎక్కువ. నేను వెతికింది కొచ్చి యూదుల్లోనే ఒకడైన ఏ.బి. సాలెం బొమ్మ కోసం. లేదు. బానిసత్వం నుంచి విడుదలైనవాళ్ల సంతతి అని ఆయన మనుషుల్ని ఈ హాల్లో కూర్చోనిచ్చేవారు కాదు, ముందు గదిలో నేల మీదే చోటు. లాయరు సాలెం ఆ వివక్ష మీద సత్యాగ్రహం చేశాడు. అందుకే ఆయన్ని యూదు గాంధీ అంటారు. పలకల అందం చూసిన కళ్లతో ఆ ముందు గది నేల కూడా ఒకసారి చూడండి.

అక్కడికి కాస్త దూరంలోనే కడవుంభాగం సినగాగ్ ఉంది, పరదేశీల కన్నా ముందు నుంచే ఇక్కడున్న మలబారీ యూదులది. లోపలి చెక్కపని మొత్తం 1990లలో జెరూసలేం చేరింది. ఖాళీ గోడలు ఇక్కడ మిగిలి, 2019 వానలకు ముందుభాగం కూలిపోయింది. చెక్కను తీసుకెళ్లకపోతే అదీ గోడలతోపాటే పోయేదని మా ఆవిడ వాదన. చెక్క పోయింది కాబట్టే గోడల్ని ఎవరూ పట్టించుకోలేదని నాది. మట్టాంచేరి నుంచి వచ్చే దారంతా ఇదే గొడవ.

మా గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కూడా తాము యూదులమని చెప్పుకునే కుటుంబాలు కొన్ని ఉన్నాయి, బెనె ఎఫ్రాయిం అంటారు. తెలుగు మాట్లాడుతూ శనివారం ప్రార్థన చేసుకుంటారు. ఇంటికి అంత దగ్గర ఉండీ వాళ్ల మందిరం నేనింకా చూడలేదు. కొచ్చికి మాత్రం ఎగేసుకుని వెళ్లాను.

రైలుకు ముందు రెండు గంటలు మిగిలితే ఎర్నాకుళం మార్కెట్ దగ్గరున్న ఇంకో కడవుంభాగం సినగాగ్‌కు వెళ్లాం. ముందుభాగంలో మొక్కలు, రంగు చేపలు అమ్మే దుకాణం, దాని వెనక ప్రార్థన హాలు. టికెట్ కౌంటరూ లేదు, గైడూ లేడు. మా ఆవిడ ఒక ఆంథూరియం మొక్క కొంది. కుండీ ఒరగకుండా గుంటూరు దాకా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది నేను.