పీజీఈ2 ఎలైసా కిట్: నాలుగేళ్లు వాడాక

మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణాలకు ఎల్‌పీఎస్ (బ్యాక్టీరియా పైపొరలోని పదార్థం) ఇచ్చి, అవి మీడియంలోకి, అంటే వాటిని పెంచే ద్రవంలోకి, వదిలే ప్రోస్టాగ్లాండిన్ ఇ2ను (పీజీఈ2, వాపును నడిపే అణువు) కొలవడం నా పని. నాలుగేళ్లుగా ఒకటే ఎలైసా కిట్ (యాంటీబాడీతో పట్టి, రంగును బట్టి కొలిచేది).

ఇది పోటీ పద్ధతి. వెల్‌లో (ప్లేటు మీది చిన్న గుంటలో) యాంటీబాడీ కొంచెమే ఉంటుంది. దానికోసం మన శాంపిల్‌లోని పీజీఈ2, ఎంజైమ్ తగిలించిన కిట్ పీజీఈ2 కుర్చీలాట ఆడతాయి. మనది ఎక్కువుంటే ఎంజైమ్‌కు చోటు దొరకదు, రంగు రాదు. మొదటి ప్లేటు నాడు ఇండోమెథాసిన్ (పీజీఈ2 తయారీని ఆపే మందు) ఇచ్చిన కణాల వెల్స్ చిక్కటి పసుపుగా కనబడేసరికి, మందు పనిచేయలేదని డీలా పడ్డాను. సీనియర్ అక్క చూసి నవ్వింది: "పసుపు పెరిగిందంటే పీజీఈ2 తగ్గిందే పిచ్చీ!"

స్టాండర్డ్ కర్వ్ (తెలిసిన మోతాదులతో గీసే కొలబద్ద) మిల్లీలీటరుకు 7.8 నుంచి 1000 పికోగ్రాముల దాకా ఉంటుంది గానీ, రెండు కొసలనూ నేను నమ్మను. బైండింగ్, అంటే పోటీ లేనప్పటితో పోలిస్తే ఎంజైమ్ పీజీఈ2 ఎంత అంటుకుందన్నది, 20 నుంచి 80 శాతం మధ్య పడితేనే రాసుకుంటాను. అందుకే ప్రతి శాంపిల్‌కూ కనీసం రెండు డైల్యూషన్లు (వేర్వేరుగా పలుచన చేసినవి). వాటి లెక్కలు కలవకపోతే శాంపిల్‌లో ఇంకేదో అడ్డం పడుతున్నట్టే. బ్లాంకులూ స్టాండర్డులూ పోగా, డూప్లికేట్‌లో వేస్తే ప్లేటుకు 36 వెల్-జతలే మిగులుతాయి. డైల్యూషన్లు కూడా అందులోనే సర్దాలి. గైడ్‌కు బడ్జెట్ చెప్పేటప్పుడు ఈ లెక్క గుర్తుంచుకోండి. స్టాండర్డులను మీ మీడియంలోనే కలపండి, కణాలు లేని మీడియం కూడా ఒక వెల్‌లో పెట్టండి. మీడియంలో కలిపే సీరంలోనే పీజీఈ2 ఉంటుంది మరి.

ప్లాస్మాతో మాత్రం చేతులు కాల్చుకున్నాను. రక్తం తీసిన ట్యూబుల్లో ఇండోమెథాసిన్ వేయడం మరిచిపోయాం. తీసిన తర్వాత కూడా రక్తకణాలు పీజీఈ2 తయారు చేస్తూనే ఉంటాయి కదా, కంట్రోళ్లూ ట్రీటెడ్లూ అన్నీ ఆకాశంలో! పైగా ఒంట్లో అసలు పీజీఈ2 ఊపిరితిత్తుల గుండా ఒక్కసారి వెళ్తే చాలావరకు మెటబొలైట్‌గా (ఒంట్లో మార్పు చెందిన రూపంగా) మారిపోతుంది. ప్లాస్మాకూ మూత్రానికీ ఆ మెటబొలైట్ కిట్టే తెప్పించుకోవాలి.

కణాల మీడియంకైతే మళ్లీ ఇదే కొంటాను. ఎండాకాలంలో మాత్రం ఆర్డర్ పెట్టను. పోయిన మే నెలలో పార్శిల్ విప్పితే ఐస్ ప్యాకులు గోరువెచ్చగా ఉన్నాయి. అయినా ప్లేటు వేసి చూశాను, పసుపు ఎక్కువ రావాల్సిన వెల్స్ కూడా నీళ్లలాగే ఉండిపోయాయి.