అరుంధతిని పక్కనుంచి చూశాను: గైయా స్కై

మాది తెనాలి. పౌరోహిత్యం నా వృత్తి. ముప్పై ఏళ్లుగా కొత్త దంపతులకు అరుంధతిని చూపిస్తున్నాను. మాఘమాసంలో ఒక పెళ్లికొడుకు "అది ఎంత దూరంలో ఉంటుందండీ పంతులుగారూ?" అని అడిగాడు. జవాబు చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి మా అబ్బాయితో అంటే, వాడి పాత ల్యాప్‌టాప్‌లో గైయా స్కై ఎక్కించి ఇచ్చాడు. అప్పటినుంచి రాత్రి భోజనం కాగానే దాని ముందే కూర్చుంటున్నాను.

చుక్కల మధ్య తిరుగుతూ వాటిని ఏ పక్క నుంచైనా చూసేందుకు జర్మనీలో హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయం వాళ్లు చేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. ఇందులోని కొలతలు ఐరోపా వాళ్ల గైయా ఉపగ్రహం ఇచ్చినవి. అది 2013 డిసెంబరులో వెళ్లి, 2025 జనవరి దాకా చుక్కల్ని కొలిచింది. బొటనవేలు చాచి ఒక్కో కన్నూ మూసి చూస్తే వేలు పక్కకు జరిగినట్టుంటుంది కదా, అదే లెక్క. సూర్యుడికి ఈ పక్క నుంచి ఒకసారి, ఆరు నెలలకి ఆ పక్క నుంచి ఒకసారి చూసి, చుక్క ఎంత జరిగిందో దాన్నిబట్టి దూరం కడతారు. 2022లో ఇచ్చిన జాబితాలో సుమారు 180 కోట్ల చుక్కలున్నాయి. అవన్నీ దించుకోవాలని ఆశపడకండి. నేను పెద్ద జాబితా ఎంచుకుంటే ల్యాప్‌టాప్ బిగుసుకుపోయింది. చిన్నది చాలు. మౌస్ మాత్రం తప్పనిసరి.

అరుంధతి పేరు అక్కడ ఆల్కర్, వసిష్ఠుడు మిజార్. ఇంగ్లిషులో పేరు కొట్టగానే తెర మీద చుక్కలు పక్కలకు జారిపోతూ మనల్ని అక్కడికి తీసుకెళుతుంది. ఇద్దరూ మనకి 80 కాంతి సంవత్సరాలు (వెలుగు ఒక ఏడాదిలో పోయే దూరం ఒక కాంతి సంవత్సరం) దాటిన దూరంలో దగ్గర దగ్గరగానే ఉన్నారు. ఎడమ బటన్ నొక్కి మెల్లగా తిప్పాను. చిన్నప్పటినుంచి చూస్తున్న సప్తర్షి మండలం నా కళ్ల ముందే సాగిపోయింది. మరీచి, క్రతువు ఎక్కడో వెనక్కి వెళ్లిపోయారు. మరీచి 100 కాంతి సంవత్సరాల పైన, క్రతువు 120 పైన. మిగతా ఐదుగురూ ఒకే చోట పుట్టి, ఒకే దిక్కుకు సాగుతున్న చుక్కలు. అరుంధతిదీ ఆ గుంపే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అక్కడి నుంచి వెనక్కి తిరిగి సూర్యుణ్ణి వెతికాను. కంటికి ఆనలేదు, పేరు కొడితేనే దొరికాడు. అంత దూరం నుంచి మామూలు కంటికి కనబడనంత మసక చుక్క మన సూర్యుడు. రోజూ అర్ఘ్యం ఇచ్చే నాకు ఆ చుక్క మీంచి చూపు తిప్పుకోవడం కష్టమైంది.

వైశాఖంలో ఒక రాత్రి ముహూర్తానికి పెళ్లికూతురి తాతగారు, ఎనభై రెండేళ్లాయన, కుర్చీ వేయించుకుని మా పక్కనే కూర్చున్నారు. వధూవరులకు అరుంధతిని చూపించాక ఆయన వైపు తిరిగి, "బాబాయిగారూ, ఇప్పుడు మనకి కనబడే ఈ వెలుగు మీరు పుట్టిన రోజుల్లో అక్కణ్ణించి బయలుదేరింది" అన్నాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని, "ఏదీ, ఇంకోసారి చూపించండి పంతులుగారూ" అన్నారు.