పన్ను, రాయితీ, లేబుల్: జనం తిండి మారాలంటే ఏది మేలు?

జనం ఆరోగ్యకరమైన తిండి తినేలా చేయాలంటే ప్రభుత్వాలకు ముఖ్యంగా మూడు దారులు కనిపిస్తాయి: తీపి డ్రింకులపై పన్ను, పండ్లు కూరగాయలపై రాయితీ, ప్యాకెట్ మీద హెచ్చరిక. మూడింటినీ అమలు చేసి చూసిన దేశాలున్నాయి.

పన్ను అనగానే వచ్చే మాట, పేదలపై భారం పడుతుందని. అబద్ధమేం కాదు. మెక్సికో 2014లో తీపి డ్రింకులపై లీటరుకు ఒక పెసో వేసింది. కొనుగోళ్లు తగ్గాయి, పేద కుటుంబాల్లో ఇంకాస్త ఎక్కువగా తగ్గాయి. డయాబెటిస్ ముప్పు తగ్గేదీ వాళ్లకే కదా అనొచ్చు. మరి మానలేనివాళ్ల సంగతేంటి? వాళ్లు చక్కెరా తాగుతారు, పన్నూ కడతారు.

ఈ చిక్కును బ్రిటన్ తెలివిగా దాటింది. 100 మిల్లీలీటర్లలో చక్కెర 5 గ్రాములకు చేరితే ఒక రేటు, 8 గ్రాములకు చేరితే అంతకంటే పెద్ద రేటు, 5 లోపైతే పన్నే లేదు. 2016లో ప్రకటించి 2018 ఏప్రిల్‌లో అమలు చేశారు. ఆ గడువులోనే చాలా కంపెనీలు ఫార్ములా మార్చి 5 గ్రాముల లోపుకు దిగొచ్చాయి. కొనేవాళ్లు అలవాటు మార్చుకోకపోయినా వాళ్ల సీసాలో చక్కెర తగ్గిపోయింది. దాని బదులు కృత్రిమ తీపి చేరింది, పండ్లరసాలను పన్నులోంచి వదిలేశారు. ఆ లొసుగులు ఎలాగూ ఉన్నాయి.

ఇక హెచ్చరిక సంగతి. చక్కెర, ఉప్పు, కొవ్వు లాంటివి ఎక్కువున్న ప్యాకెట్లపై వేయాలని చిలీ 2016లో తెచ్చిన నల్లటి అష్టభుజి ముద్రకు ఖర్చు తక్కువ. ముద్ర పడినవి బడుల్లో అమ్మకూడదన్నారు, అది మంచి పని. కాకపోతే ముద్ర చూసి వద్దనుకున్నాక, మెరుగైనది కొనడానికి చేతిలో డబ్బుండాలిగా!

అక్కడే రాయితీ పనికొస్తుంది. అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఆహార సాయం పొందే కొన్ని కుటుంబాలకు, పండ్లు కూరగాయలపై పెట్టే ప్రతి డాలరుకు 30 సెంట్లు వెనక్కి ఇచ్చి చూశారు. అది అందనివాళ్లకంటే వీళ్లు నాలుగో వంతు ఎక్కువ తిన్నారు. న్యాయంగా చూస్తే నా ఓటు దీనికే. కానీ ఏటా నిధులు కావాలి, బడ్జెట్ బిగిస్తే మొదట కోత పడేది ఇలాంటివాటికే.

ఒక్కటే ఎంచుకోమంటే బ్రిటన్ తరహా పన్నే మేలంటాను. వచ్చిన సొమ్ములో కొంతైనా రాయితీకి కేటాయిస్తే ఇంకా మంచిది. సియాటెల్ నగరం 2018లో తీపి డ్రింకులపై పన్ను మొదలుపెట్టి, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లు పండ్లు కూరగాయలు కొనుక్కునే పథకానికి ఆ డబ్బు వాడుతోంది.