ఐఆర్ ఎక్కడ చెయ్యాలి: గంట రేటు చూసి పడిపోయినోడి రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఇది ఎవరికీ ప్రమోషన్ కాదు, ఎవర్నీ తిట్టడానికీ కాదు, అందుకే నేను చేసిన రెండు ఫ్లయింగ్ స్కూళ్ళ పేర్లూ రాయట్లేదు. పండక్కి రాజోలు వచ్చినప్పట్నుంచి మా వైపు పిల్లలు ముగ్గురు "అన్నయ్యా, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (ఐఆర్) ఎక్కడ చేస్తే చవగ్గా అయిపోద్ది" అని అడిగారు, ఒక్కొక్కళ్ళకీ ఫోన్లో చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసేస్తున్నా. నాన్న అరెకరం కొబ్బరితోట అమ్మి కట్టిన డబ్బులు, కాబట్టి చవక అన్న మాట విలువ నాకు బాగానే తెలుసు.

ఈ రేటింగ్ ఏంటో తెలియనోళ్ళకి: మంచు రోజుల్లో పొద్దున్నే సఖినేటిపల్లి రేవులో పంటి ఎక్కి నర్సాపురం దాటారా ఎప్పుడైనా? ఇటు గట్టూ కనపడదు, అటు గట్టూ కనపడదు, కాసేపటికి పంటి గుండ్రంగా తిరుగుతోందేమో అనిపిస్తది, తీరా చూస్తే తిన్నగానే వెళ్తా ఉంటది. మబ్బులో విమానం కూడా అంతే, కాకపోతే అక్కడ ఒంటికి అనిపించింది నమ్మి స్టీరింగ్ తిప్పితే ప్రాణాలే పోతాయి. బయటికి చూడకుండా ఎదురుగా ఉన్న మీటర్లు మాత్రమే చూసి నడపడం, దిగడం, అదీ ఐఆర్.

లెక్కలు చూస్తే, అమెరికా విమాన రూల్స్‌లో పార్ట్ 61 అనే దాని కింద 40 గంటల ఇన్‌స్ట్రుమెంట్ టైమ్, పీఐసీగా (అంటే విమానం బాధ్యత మనమే తీసుకుని) 50 గంటల క్రాస్ కంట్రీ (ఒక ఎయిర్‌పోర్ట్ నుంచి ఇంకోదానికి ఎగరడం) కావాలి. పార్ట్ 141 (అప్రూవ్డ్ సిలబస్ ఉన్న) స్కూల్ అయితే 35 గంటల ట్రైనింగ్‌తో అవుద్ది, స్టూడెంట్ వీసా మీద వెళ్ళే మనలాంటోళ్ళకి ఎక్కువగా ఈ 141 స్కూలే. కానీ మన డీజీసీఏకి (ఇండియాలో పైలట్ లైసెన్సులిచ్చే ఆఫీసు) 40 గంటలు చూపించాలి, అందులో సిమ్యులేటర్‌ది 20కి మించకూడదు. అది తెలీక 35కే సర్దేసుకుని వచ్చేస్తే, ఆ తేడా తర్వాత ఇంకో చోట డబ్బులిచ్చి ఎగరాలి.

ఇప్పుడు నా తప్పు. అరిజోనాలో ఒక స్కూల్, వెబ్‌సైట్‌లో పెద్దక్షరాలతో గంటకి 145 డాలర్లు అని ఉంది, మిగతా చోట్ల 190 అంటుంటే ఇది 145 అని ఎగిరి గంతేసి చేరిపోయా. మొదటి నెల బిల్లు చూస్తే గానీ తెలీలేదు అది డ్రై రేటని, అంటే పెట్రోల్ లేకుండా, దాని మీద ఫ్యూయల్ సర్‌చార్జ్ అని గంటకి 25, ఇన్‌స్ట్రక్టర్‌కి 75, ఆ 75 కూడా విమానం ఎక్కిన దగ్గర్నుంచి కాదు, బ్రీఫింగ్ రూమ్‌లో కుర్చీ లాక్కున్న దగ్గర్నుంచి. ఒకరోజు బిల్లు ఇంకా నా దగ్గరుంది చూడండి: 1.4 గంటలు ఎగిరాం, విమానానికి 203, పెట్రోల్‌కి 35, ఇన్‌స్ట్రక్టర్ 2.4 గంటలకి 180, మొత్తం 418 డాలర్లు. రెండో స్కూల్లో దాదాపు ఇదే లెసన్‌కి నాకు 358 అయింది, 190 రేటుతో! ఎలాగంటే అక్కడ పెట్రోల్ కలిపే రేటు, ఇన్‌స్ట్రక్టర్ 65, పైగా హాబ్స్ మీటర్ మీద కాకుండా టాక్ మీద బిల్లు. హాబ్స్ అంటే ఇంజిన్ ఆన్‌లో ఉన్నంతసేపూ ఆటో మీటర్ లాగా తిరుగుతానే ఉంటది, టాక్ ఇంజిన్ స్పీడ్‌ని బట్టి తిరిగేది, రన్‌వే దాకా నేల మీద నడుపుకుంటా (దీన్నే టాక్సీ అంటారు) క్యూలో నుంచున్నప్పుడు మెల్లగా కదులుద్ది. పేపర్ మీద చిన్న తేడా, 40 గంటలకి లెక్కేస్తే చాలా డబ్బులు.

దీనికన్నా పెద్ద దెబ్బ ఇంకోటుంది, దాని గురించి ఏ బ్రోచర్‌లోనూ ఉండదు. అరిజోనా స్కూల్లో 24 గంటల ట్రైనింగ్‌లోనే నాకు ముగ్గురు ఇన్‌స్ట్రక్టర్లు మారారు. వాళ్ళని అనడానికీ లేదు, అక్కడ ఎయిర్‌లైన్‌లోకి వెళ్ళాలంటే మామూలుగా 1500 గంటలు ఉండాలి, ఆ గంటల కోసమే చాలామంది పాఠాలు చెప్తారు, 1500 నిండగానే రీజనల్ ఎయిర్‌లైన్‌కి చెక్కేస్తారు. కొత్తగా వచ్చినోడు పాతోడు సంతకం పెట్టిన లాగ్‌బుక్ నమ్మడు కదా, "ఏదీ ఒకసారి హోల్డింగ్ చెయ్యి చూద్దాం" అంటాడు (హోల్డింగ్ అంటే గాల్లో ఒకచోటే చుట్లు కొడతా ఆగడం), మళ్ళీ మొదట్నుంచి. అలా నేను చేసిందే చేసి ఓ 9 గంటలు తగలేశా. కాబట్టి స్కూల్‌కి ఫోన్ చేసినప్పుడు రేటు తర్వాత, నాకు చెప్పబోయే మనిషికి ఇప్పుడు ఎన్ని గంటలున్నాయని అడగండి. 1300 అంటే మీ కోర్స్ మధ్యలో టాటా చెప్తాడని అర్థం. 600, 700 అంటే పర్లేదు. ఈ ప్రశ్న అడిగితే రెండో స్కూల్ ఆవిడ నవ్వేసి ఉన్నదున్నట్టు చెప్పింది, అక్కడే నాకు సగం నమ్మకం కుదిరింది.

రెండోది టెక్సాస్‌లో, గల్ఫ్ తీరం వైపు. వీసా ట్రాన్స్‌ఫర్ కాయితాలకి నెల పోయింది, అది వేరే ఏడుపు. కానీ అక్కడికెళ్ళాకే మబ్బు చూశా. అరిజోనాలో రోజూ ఎండే, ఫ్లైట్ క్యాన్సిల్ అవ్వదు, ప్రైవేట్ లైసెన్స్‌కి బంగారం లాంటి చోటు, కానీ ఐఆర్‌కి అక్కడంతా ఫాగుల్స్ పెట్టుకునే, అంటే పైన మసకగా ఉండే కళ్ళజోడు, పక్కనుంచి కాస్త వెలుతురు తగిలితే చాలు బుర్ర ఆటోమేటిగ్గా దిక్కు పట్టేస్తది. మోసమే అది ఒకరకంగా.

మొదటిసారి నిజం మబ్బులోకి వెళ్ళింది డిసెంబర్ పొద్దున, ఆ తీరం మీద కిందకి పరుచుకునే మబ్బు, మన మంచు లాగే. 900 అడుగుల దగ్గర కిటికీ నిండా తెల్లగా అయిపోయింది, రెండు నిమిషాల్లో నా ఒళ్ళంతా ఎడమకి ఒరిగిపోతున్నానని గోల, విమానం ఎటు ఒరిగిందో చూపించే యాటిట్యూడ్ ఇండికేటర్ చూస్తే రెక్కలు సమంగా ఉన్నాయి. చెయ్యి దానంతటదే కుడికి వెళ్ళిపోతోంది. ఇన్‌స్ట్రక్టర్ ఒక్క మాట అనకుండా నా మోచెయ్యి కింద రెండు వేళ్ళు పెట్టి ఆపాడు. తర్వాత వారం అదే మీటర్ మీద రబ్బర్ మూత అంటించేసి, ఇది పాడైపోయింది అనుకో, ఇప్పుడు దింపు అన్నాడు. చెమటలు పట్టేసినాయి బాబూ. చెక్‌రైడ్‌లో (చివర్లో ఎగిరి చూపించే పరీక్ష) కూడా ఒక అప్రోచ్ (దిగడానికి రన్‌వే వైపు రావడం) ఇలా మీటర్ లేకుండానే చెయ్యాలి, కాబట్టి దీని మీద టైమ్ పెట్టని స్కూల్ ఎంత చవకైనా వద్దు.

సిమ్యులేటర్ గురించి రెండు ముక్కలు. స్కూల్లో అప్రూవ్డ్ సిమ్ అయితేనే గంటలు లాగ్‌బుక్‌లో పడతాయి, నేను 12 చేశా, విమానంలో సగం కూడా అవ్వలేదు ఖర్చు, పాజ్ కొట్టి తప్పెక్కడో చూపిస్తారు, హోల్డింగ్ ఎంట్రీలు అక్కడే బుర్రకెక్కాయి. ఇంట్లో ల్యాప్‌టాప్‌లో ఎక్స్-ప్లేన్ ఆడితే ఒక్క గంట కూడా లెక్కలోకి రాదు, కానీ నిజం చెప్పాలంటే నా డబ్బులు ఎక్కువ మిగిల్చింది అదే. రేపు చెయ్యబోయే ఐఎల్ఎస్ (రన్‌వే నుంచొచ్చే రేడియో సిగ్నల్ పట్టుకుని దిగడం) ఈరోజు రాత్రి పదిసార్లు చేసుకెళ్తే, గాల్లో ఫ్రీక్వెన్సీ వెతుక్కుంటా డాలర్లు కాల్చక్కర్లేదు. రాత పరీక్ష కూడా వెళ్ళకముందే ఇంటి దగ్గర చదివేసుకోండి, 60 ప్రశ్నలు, 70 శాతం వస్తే పాస్, దానికోసం అక్కడ రూమ్ అద్దె కట్టుకుంటా కూర్చోడం తెలివితక్కువ.

గ్లాస్ కాక్‌పిట్ (మీటర్ల బదులు కంప్యూటర్ స్క్రీన్లు) కావాలా, పాత గుండ్రటి మీటర్లు చాలా అని కూడా అడిగాడు ఒకడు. నేను పాతవాటి మీదే చేశా, రేటు తక్కువ, స్క్యాన్ (ఒక మీటర్ నుంచి ఇంకోదానికి చూపు తిప్పుకుంటా ఉండటం) బాగా అలవాటవుద్ది. జీ1000 లాంటి స్క్రీన్లు తర్వాత నేర్చుకోవచ్చు అని నా ఉద్దేశం, కాదనేవాళ్ళూ ఉన్నారు.

రెండో స్కూల్‌కి 5కి 4 ఇస్తా. ఒకటి తగ్గించింది ఎందుకంటే ఐఆర్‌కి ఉన్నవి రెండే విమానాలు, ఒకటి మెయింటెనెన్స్‌కి వెళ్తే పది రోజులు గోళ్ళు గిల్లుకుంటా కూర్చోవాలి, ఎగ్జామినర్ డేట్ దొరకడానికి ఇంకో మూడు వారాలు పట్టింది, ఆయన ఫీజు 900 డాలర్లు వేరే. అరిజోనా దానికి 2.5, విమానాలు శుభ్రంగానే ఉండేవి పాపం.

ఈలోగా మా అమ్మ గోల ఏంటంటే, మొన్న మంచుకి మధురపూడి (రాజమండ్రి ఎయిర్‌పోర్ట్) ఫ్లైట్ లేటయిందని విని "మరి నువ్వు నేర్చుకున్నావుగా, అదేదో వాళ్ళకి చెప్పొచ్చుగా" అంటది. వాళ్ళకీ వచ్చే అమ్మా, కిందకొచ్చాక కూడా రన్‌వే కనపడకపోతే ఎవడైనా వెనక్కి లేవాల్సిందే అంటే వినదు.

రెండు స్కూళ్ళ బిల్లులూ ఫోటోలు తీసి పెట్టా, కావాల్సినోళ్ళు అడగండి పంపిస్తా. 10వ తారీఖు వరకు రాజోల్లోనే ఉంటా.