బెర్లిన్ డోమ్ (బెర్లిన్‌లోని పెద్ద ప్రొటెస్టెంట్ చర్చి): టికెట్ కొని చూడాలా, ఆదివారం ఆరాధనకు వెళ్లాలా?

ఖర్చు: మామూలు సందర్శనకు టికెట్ కొనాలి. ఆరాధనకు ప్రవేశం ఉచితం, కానుక మీ ఇష్టం.

శ్రమ: టికెట్ ఉంటే గుమ్మటం చుట్టూ ఉన్న నడవా దాకా ఎక్కవచ్చు. సుమారు 270 మెట్లు, లిఫ్ట్ లేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కిందే కూర్చోవడం మేలు. పైనుంచి స్ప్రే నది, మ్యూజియం ద్వీపం కనిపిస్తాయి.

ఆరాధనలో అదేమీ ఉండదు. ఫొటోలు తీయకూడదు, అటూ ఇటూ తిరగకూడదు, ప్రసంగం జర్మన్‌లో సాగుతుంది. కానీ జావర్ అనే తయారీదారు చేసిన 1905 నాటి ఆర్గాన్‌ను (గొట్టాల్లోంచి గాలి పోయి మోగే పెద్ద వాయిద్యం) నిండుగా వినాలంటే ఇదే సమయం. ఏడు వేలకు పైగా గొట్టాలు! మంద్రస్థాయిలో మోగినప్పుడు కూర్చున్న బల్ల సన్నగా అదురుతుంది.

చిక్కు: కచేరీలున్న రోజుల్లో సందర్శన వేళలు తగ్గిస్తారు. ముందే చూసుకోండి.

మెట్లెక్కే ఓపిక, పిల్లలు, కెమెరా ఉంటే టికెట్. సంగీతం ఇష్టమై, ఆదివారం ఉదయం ఖాళీగా ఉంటే నిస్సందేహంగా ఆరాధనే.