గ్రేహౌండ్ కుంటుతోందా: ఇంట్లో విశ్రాంతా, వెంటనే ఎక్స్‌రేనా?

రాయగడ, గుణుపురం వైపు వాళ్లకు ఎక్స్‌రే కోసం గరివిడి పశువైద్య కళాశాల దాకా వెళ్లడమంటే రోజంతా పని. అందుకే చాలామంది విశ్రాంతితో సరిపెడతారు. కుర్ర కుక్కయి, కాలు నేలకు ఆనిస్తుంటే అదీ సరే: పది రోజులు పరుగులు బంద్, బయటికి తాడుతోనే.

ముందు అరికాలి మెత్తలు తడిపి చూడండి. మధ్య వేళ్ల కింద గుండ్రటి గట్టి మచ్చ కనబడితే ఆనెకాయ. సిమెంటు మీద కుంటుతుంది, గడ్డి మీద బాగానే నడుస్తుంది. అది విశ్రాంతితో పోదు.

ఆరేళ్లు దాటిందా, భుజం, మణికట్టు, మోకాలి దగ్గర వాపుందా? ఎక్స్‌రే ఆలస్యం చేయొద్దు; ఈ జాతికి ఎముక క్యాన్సర్ ఎక్కువ. మత్తిచ్చేటప్పుడు థయోపెంటాల్ వద్దనండి, గ్రేహౌండ్ దాన్నుంచి చాలా ఆలస్యంగా తేరుకుంటుంది. మనుషుల ఐబూప్రొఫెన్, పారాసిటమాల్ మాత్రం ఎప్పుడూ వేయకండి.